నీటి దారి చరిత్ర – అవ్వ అడిగిన నాలుగు ప్రశ్నలు

మా ఊరు గుడియాత్తం. మా ఊళ్లో కౌండిన్య నది ఉంది. నది అని పేరే గానీ, ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసుక, ముళ్లచెట్లు తప్ప నీళ్లు కనపడవు. 2021 నవంబరులో మాత్రం మోర్ధానా డ్యాము నిండి పొర్లింది. ఏరు రెండు గట్లూ ఒరుసుకొని పారింది, ఒడ్డున ఉన్న ఇళ్లలోకి నీళ్లు వచ్చినాయి. అప్పుడు నాకు పదకొండేళ్లు. అంత నీళ్లు చూసి నేను సంతోషపడ్డాను, పెద్దవాళ్లు భయపడ్డారు. ఎందుకు భయపడ్డారో నాకు అప్పుడు అర్థం కాలేదు.

నీళ్లు లేని ఊరి పిల్లలం కాబట్టి మాకు పడవ అంటే సినిమాలో చూసేదే. వేలూరు కోట చుట్టూ ఉన్న కందకమే మాకు పెద్ద చెరువు. అలాంటి నేను పడవల చరిత్ర గురించి ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో ముందు చెప్తాను.

పోయిన ఏప్రిల్‌లో ఏం జరిగింది?

మా చిన్నాయన చెన్నైలో ఉద్యోగం చేస్తాడు. ఆయన మమ్మల్ని కయాక్ యాత్రకు తీసుకుపోతానన్నాడు. కయాక్ అంటే ఒకరు గానీ ఇద్దరు గానీ కాళ్లు చాపుకొని కూర్చునే సన్నటి పడవ. రెండు వైపులా రెక్క ఉన్న తెడ్డుతో నడుపుతారు. చెన్నైకి దక్షిణాన ఒక ఉప్పుటేట్లో కయాక్‌లు బాడుగకు ఇస్తారంట. పొద్దున బయలుదేరి, సాయంత్రానికి ఒక ఇసుక దిబ్బ మీద గుడారం వేసుకొని, రాత్రి అక్కడే వంట చేసుకొని తిని, మర్నాడు తిరిగి రావాలని ఆయన ప్లాను. చిన్నాయన, పిన్ని, వాళ్ల అబ్బాయి, మా అన్న, నేను, మొత్తం ఐదుగురం. అవ్వ ఒడ్డు దాకా చూడ్డానికి వచ్చింది.

సామాన్లు కయాక్‌లో పెడుతుంటే అవ్వ అడిగింది: "అబ్బయ్యా, గాలి యా పక్క నించి కొడతా ఉంది?"

"గాలికేముందిలేమ్మా, చల్లగానే ఉంది కదా" అన్నాడు చిన్నాయన.

"పోటు ఎన్ని గంటలకి?"

చిన్నాయన ఫోను తీశాడు గానీ ఏమీ చెప్పలేదు.

"తాగే నీళ్లు ఎన్ని పెట్టినావు?"

"ఆరు సీసాలు."

"ఐదు మందికి, రెండు దినాలకా? ఈ ఎండలోనా? సరే, రాత్రికి మీరు యాడ దిగతారో ఒడ్డున ఎవరికన్నా చెప్పినావా?"

చెప్పలేదు. అంతలో పడవలు బాడుగకు ఇచ్చే అతను ప్రాణరక్షక జాకెట్లు తెచ్చాడు. మూడే ఉన్నాయి. "లోతు లేదు సార్, ఏం కాదు, మిగతావి రేపు ఇస్తాను" అన్నాడు. రేపటికి మేం తిరిగి వచ్చేస్తాం కదా అని ఎవరూ అడగలేదు. అవ్వ మాత్రం కయాక్‌కు అడ్డంగా ఇసుకలో కూర్చుంది. "ఐదు జాకెట్లు వచ్చిందాకా నేను లేవను" అన్నది.

చిన్నాయనకు బాగా కోపం వచ్చింది. డబ్బులు ముందే కట్టేసినాడు. మా అన్న అవ్వతో మాట్లాడలేదు. నాకు ఏడుపు వచ్చింది. జాకెట్లు రాలేదు, మేమూ పోలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు సముద్రం వైపు నుంచి గాలి లేచింది. పొద్దున అద్దంలా ఉన్న నీళ్ల మీద అలలు తెల్లగా విరిగినాయి. మేం పోయి ఉంటే ఏమన్నా జరిగేదో, ఏమీ జరక్కపోయేదో నాకు తెలీదు. కానీ బస్సులో ఇంటికి వస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. బడికి పోని అవ్వకు ఆ నాలుగు ప్రశ్నలు ఎవరు నేర్పినారు?

అవ్వ నాన్న పడవ

అవ్వ పుట్టింది తడ పక్కన, పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెలో. వాళ్ల నాన్న బకింగ్‌హామ్ కాలువలో సరుకు పడవ మీద పని చేసేవాడు. ఉప్పు, కట్టెలు ఎక్కించుకొని మద్రాసుకు పోయేవాళ్లు. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు, లేకపోతే గడ వేసేవాళ్లు. అదీ కుదరకపోతే గట్టు మీద నడుస్తూ పడవకు తాడు కట్టి లాగేవాళ్లు. దాన్ని గూన లాగడం అంటారు. అవ్వ నాన్న భుజం మీద తాడు ఒరిసిన మచ్చ ఉండేదంట.

ఆ కాలువ చరిత్ర నేను మా బడి గ్రంథాలయంలోను, సాంఘిక శాస్త్రం అయ్యవారిని అడిగీ తెలుసుకున్నాను. బేసిల్ కోక్రేన్ అనే ఇంగ్లీషు వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా మొదటి కాలువ తవ్వించాడు. అది 1806లో మొదలైంది. 1806 అంటే మనకు బాగా తెలిసిన ఏడాదే. ఆ ఏడాది జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. మన కోటలో రక్తం పారిన ఏడాదే అక్కడ కాలువలో నీళ్లు పారినాయి.

తర్వాత కాలువను ఉత్తరాన పులికాట్ దాకా, అక్కడి నుంచి ఇంకా పైకి పొడిగించారు. 1837లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. మన పెద్దలు దాన్ని ధాత కరువు అంటారు. లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. అప్పుడు కరువు పని కింద జనం చేత మద్రాసులో కూవం, అడయారు నదుల మధ్య కాలువ తవ్వించారు. దాంతో ఉత్తర కాలువ, దక్షిణ కాలువ ఒకటైనాయి. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దానికి పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఆంధ్రాలో పెదగంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా ఈ కాలువ సుమారు 420 కిలోమీటర్లు. పైన కృష్ణా, గోదావరి డెల్టా కాలువలతో కలిసి కాకినాడ దాకా నీటి దారి ఉండేది. ఇందులో మన ఊరికి కూడా ఒక సంబంధం ఉంది. కౌండిన్య పోయి పాలారులో కలుస్తుంది. పాలారు వాయలూరు దగ్గర సముద్రంలో కలిసే ముందు ఈ కాలువను దాటుతుంది. అంటే వరద ఏడాదిలో గుడియాత్తంలో వదిలిన కాగితం పడవ, మునిగిపోకుండా ఉంటే, కాకినాడ పోయే దారి దాకా చేరుతుంది!

నాలుగు ప్రశ్నలకు జవాబులు

ఈ కాలువ సముద్రానికి దగ్గరగా, తీరం వెంబడే పోతుంది. సముద్రానికి పోటు వస్తే కాలువలో నీళ్లు పెరుగుతాయి, ఆటు వస్తే తగ్గుతాయి. అందుకే లాకులు కట్టారు. అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువ. పడవవాళ్లకు చంద్రుడే గడియారం. కాలువ నీళ్లు ఉప్పు నీళ్లు కాబట్టి తాగే నీళ్లు కుండల్లో మోసుకుపోవాలి. చుట్టూ నీళ్లున్నా గొంతు తడుపుకోవడానికి చుక్క ఉండదు. ఎండాకాలంలో పొద్దున గాలి తక్కువ. మధ్యాహ్నానికి నేల బాగా వేడెక్కి, సముద్రం మీది చల్లగాలి లోపలికి తోసుకొస్తుంది. ఇది మా సైన్సు పుస్తకంలో ఉంది, నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఆ రోజు ఒడ్డున నాకు గుర్తుకు రాలేదు, అవ్వకు గుర్తుంది. ఇక నాలుగో ప్రశ్న. అవ్వ నాన్న పడవ ఎక్కే ముందు, ఏ రాత్రి ఏ రేవులో ఆగుతాడో ఇంట్లో చెప్పి పోయేవాడు. చెప్పిన రోజుకు రాకపోతే మగవాళ్లు గట్టు వెంబడి వెతుక్కుంటూ పోయేవాళ్లు.

ఈ నాలుగు ప్రశ్నలు పడవవాళ్లవే కాదు, దూరం పోయే వాళ్లందరివీ. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పని చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. తనతో సుమారు వంద మందిని, గుడారాలను తీసుకుపోయాడు. దారిలో ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ అంగళ్లు ఉన్నాయి, ఎక్కడ దిగవచ్చు అని వరుసగా రాసి పెట్టాడు. అదే 'కాశీయాత్ర చరిత్ర'. యాత్ర అంటే పుణ్యం ఒక్కటే కాదని, లెక్క కూడా అని ఆ పుస్తకం గురించి తెలుసుకుంటే అర్థమవుతుంది.

కయాక్ మాత్రం మన పడవ కాదు. మంచు ప్రదేశాల్లో ఉండే ఇన్యుయిట్ ప్రజలు సీలు చేప తోలుతో వేటకు చేసుకున్న పడవ అది. (సీలు నిజానికి చేప కాదు, క్షీరదం.) కానీ ఒక కయాక్ మన తీరానికి ఎప్పుడో వచ్చింది. ఆస్కర్ స్పెక్ అనే జర్మనీ యువకుడు 1932లో పని పోగొట్టుకొని, మడతపెట్టే కయాక్‌లో డాన్యూబ్ నది మీద బయలుదేరాడు. సైప్రస్ దాకా పోదామనుకున్నవాడు అక్కడ ఆగలేదు. పర్షియా సింధుశాఖ దాటి, భారతదేశం తీరం చుట్టి, 1939లో ఆస్ట్రేలియా చేరాడు. ఏడేళ్లు పట్టింది. చేరేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది కాబట్టి శత్రుదేశం మనిషని అతన్ని పట్టుకొని నిర్బంధించారు. అంత చిన్న పడవలో అన్నేళ్లు బతికి బయటపడ్డాడంటే గాలినీ, పోటునూ, నీళ్లనూ లెక్క చూసుకోకుండా సాధ్యమయ్యేది కాదు.

పులికాట్, మా మగ్గం

అవ్వ పుట్టిన పులికాట్‌ను పాత తెలుగువాళ్లు ప్రళయకావేరి అంటారు. దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రాలో, కొంత తమిళనాడులో ఉంది. దక్షిణం కొసన పళవేర్కాడు ఊరుంది. అక్కడ డచ్చివారు 1613లో గెల్డ్రియా అనే కోట కట్టుకొని, మన వైపు నేసిన బట్టలు ఓడల్లో తూర్పు దేశాలకు పంపేవాళ్లు. మలయా భాషలో గళ్ల లుంగీని ఇప్పటికీ 'కైన్ పెలికట్' అంటారు, అంటే పులికాట్ బట్ట. మా ఇంట్లో తాత లుంగీలు నేస్తాడు. గుడియాత్తం లుంగీకి పేరుంది కదా. తాత మగ్గం గదికీ అవ్వ సరస్సుకూ ఇంత సంబంధం ఉందని వాళ్లిద్దరికీ చెప్తే, "అందుకే ఈయనకు ఇచ్చి చేసినారేమో" అని అవ్వ నవ్వింది.

నవ్వు రాని సంగతి కూడా ఒకటి ఉంది. 2011 డిసెంబరు 25న, క్రిస్మస్ పండగ రోజు, పళవేర్కాడు దగ్గర సరస్సులో విహారానికి పోయిన పడవ మునిగి 22 మంది చనిపోయారు. అందులో పిల్లలు కూడా ఉన్నారు. మనుషులు ఎక్కువ ఎక్కారు, ఒంటి మీద జాకెట్లు లేవు. పులికాట్ చాలా చోట్ల మీటరు, మీటరున్నర లోతే ఉంటుంది. "లోతు లేదు సార్, ఏం కాదు" అన్న మాట ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆ పేజీ చిన్నాయనకు చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అవ్వకు ఫోను చేశాడు.

కాలువ ఇప్పుడు ఎలా ఉంది?

1899లో మద్రాసు నుంచి బెజవాడకు రైలు దారి పూర్తయ్యాక కాలువ పని తగ్గుతూ వచ్చింది. 1965, 1966, 1976 తుఫాన్లలో బాగా దెబ్బతిన్నది. ఆ రోజుల్లోనే అవ్వ నాన్న పడవ పని మానేశాడు. చెన్నైలో అయితే రైలు వంతెన స్తంభాలు కాలువ లోపలే కట్టారు, మురుగు అందులోనే వదిలారు. అయినా 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఈ పాత కాలువే చాలా చోట్ల అల నీళ్లను తనలో పట్టుకొని, వెనక ఉన్న ఊళ్లకు దెబ్బ తగ్గించింది. 2008లో దీన్ని 4వ జాతీయ జలమార్గంలో చేర్చారు. కాలువ బాగుపడితే మంచిదే. కానీ దాని మీద ఎలా నడవాలో తెలిసినవాళ్లు అప్పటికి ఎంతమంది ఉంటారు?

మేం కొత్తగా రాసుకున్న ప్లాను

వచ్చే జనవరిలో, వానలు, తుఫాన్లు పోయాక మళ్లీ పోదామని చిన్నాయన అన్నాడు. ఈసారి ప్లాను కాగితం మీద రాశాం. రాసింది నేను, చెప్పింది అవ్వ.

గాలి: పొద్దున ఆరుకు బయలుదేరి పదకొండు లోపల ఒడ్డుకు చేరాలి. మధ్యాహ్నం నీళ్లలో ఉండకూడదు.

పోటు: అమావాస్య, పున్నమి వదిలి తేదీ చూడాలి. గుడారం పోటు గీతకు పైన వెయ్యాలి. ఎండిన నాచు ఎక్కడ దాకా కొట్టుకొచ్చి ఉందో అదే పోటు గీత.

నీళ్లు: మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. ఐదుగురికి రెండు రోజులకు నలభై లీటర్లు. కయాక్‌లలో ఇంత బరువు పట్టకపోతే రాత్రి బస మానుకొని ఒక పూటలో తిరిగి రావాలి.

ఒడ్డు: దిగే చోటు, తిరిగి వచ్చే గంట రాసిన కాగితం అవ్వ దగ్గర ఒకటి, అక్కడి చేపలవాళ్ల దగ్గర ఒకటి. అడవి శాఖ అనుమతి కావాల్సిన చోట ముందే అడగాలి.

ఐదోది నేను చేర్చాను: జాకెట్లు ముందు లెక్కపెట్టి, తర్వాతే డబ్బులు కట్టాలి.

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అని నేను అనుకునేదాన్ని. గూన లాగిన మనిషి అడిగిన ప్రశ్న కూడా చరిత్రే. అది పుస్తకంలో లేకపోతే ఇంట్లో ఎవరి దగ్గరో ఉంటుంది. మీ ఇంట్లో కూడా అవ్వో, తాతో ఏదో పని ముందు ఏదో ఒకటి అడుగుతూ ఉంటారు. విసుక్కోకుండా "ఇది నీకు ఎవరు చెప్పినారు?" అని తిరిగి అడిగి చూడండి. జవాబు వాళ్ల మాటల్లోనే, మన తెలుగులోనే రాసి పెట్టుకోండి.

ఆ రోజు అవ్వ మీద ఏడ్చినందుకు నేను ఇంకా ఆమెను క్షమించమని అడగలేదు. ఈ పత్రిక వచ్చాక ఈ వ్యాసం ఆమెకు చదివి వినిపిస్తాను.