పిచ్చుక మీద 25,000 డాలర్ల బ్రహ్మాస్త్రం

హైదరాబాదులో కూర్చుని డెలావేర్‌లో ఒక ఎల్.ఎల్.సి. తెరిచి, చిన్న సాఫ్ట్‌వేర్ ఏదో రాసి డాలర్లలో అమ్ముకునేవాళ్ళు మనలో తక్కువేం కాదు. అమెరికాలో ఆఫీసూ, మనుషులూ లేకుండా పనంతా ఇక్కడే చేస్తే చాలావరకు అక్కడ ఆదాయపు పన్ను పడదు. ఏటా జూన్ 1 లోపు రాష్ట్రానికి 300 డాలర్లు కట్టేస్తే పని అయిపోయిందనుకుంటారు. అవలేదు. 5472 అని ఓ ఫారం ఉంది. అది ఇవ్వకపోతే జరిమానా 25,000 డాలర్లు, అంటే 20 లక్షల రూపాయల పైమాటే. పైసా పన్ను బాకీ లేని కంపెనీకి ఇంత జరిమానా ఎక్కణ్ణుంచి వచ్చింది?

ముందు ఎల్.ఎల్.సి. సంగతి. హామిల్టన్ బ్రదర్స్ అనే చమురు కంపెనీ కోరగా 1977లో వయోమింగ్ రాష్ట్రం ఈ చట్టం చేసింది. అప్పులొస్తే యజమాని సొంత ఆస్తి జోలికి ఎవరూ రాకూడదు, పన్ను మాత్రం కంపెనీకి కాకుండా నేరుగా యజమానులకే పడాలి. అదీ వాళ్ళ కోరిక. దీనికి పన్నుల శాఖ (ఐ.ఆర్.ఎస్.) సరే అనడానికి 1988 దాకా పట్టింది. ఇక మిగతా రాష్ట్రాలూ మొదలెట్టాయి, డెలావేర్ 1992లో. 1997 నుంచి ఇంకో వెసులుబాటు వచ్చింది. యజమాని ఒక్కరే అయితే, తను వేరేగా కోరుకుంటే తప్ప, ఆదాయపు పన్ను లెక్కల్లో ఆ కంపెనీ లేనట్టే. మన భాషలో చెప్పాలంటే కంపైలర్ పట్టించుకోని కామెంట్ లాంటిదన్నమాట.

5472 కథ వేరు. అది 1982లో చేసిన చట్టంతో వచ్చింది, విదేశీయుల చేతిలో ఉన్న పెద్ద కార్పొరేషన్ల కోసం. అసలు కంపెనీ నుంచి సరుకు ఎక్కువ ధరకి కొన్నట్టు చూపించి, అమెరికాలో లాభమే లేదనిపిస్తారని భయం. అందుకే యజమానికీ కంపెనీకీ మధ్య నడిచిన లావాదేవీలు ఏటా చెప్పమన్నారు. జరిమానా మొదట 1,000 డాలర్లే. 1989లో దాన్ని 10,000 చేసి, విదేశీ వాటా 25 శాతం ఉన్నా చాలు, ఫారం ఇవ్వాల్సిందే అన్నారు.

ఈ రెండు కథలూ కలిసింది 2016లో. ఏప్రిల్‌లో పనామా పేపర్లు బయటపడ్డాయి. విదేశీయుడి ఏకవ్యక్తి ఎల్.ఎల్.సి. వెనక ఎవరున్నారని వేరే దేశం అడిగితే చెప్పడానికి చాలాసార్లు ఐ.ఆర్.ఎస్. దగ్గర ఏమీ ఉండేది కాదు. మే నెలలో ప్రతిపాదన, డిసెంబరులో రూలు. 2017 నుంచి ఈ ఒక్క ఫారం విషయంలో నీ ఎల్.ఎల్.సి. కార్పొరేషనే అన్నారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన పన్నుల చట్టం జరిమానాని 25,000 చేసేసింది.

అమ్మకాలు సున్నా అయినా తప్పించుకోలేం. కంపెనీ తెరవడానికి మనం జేబులోంచి వేసిన డబ్బు కూడా లావాదేవీయే. దాదాపు ఖాళీగా ఉండే 1120 ఫారానికి 5472 జతచేసి ఏప్రిల్ 15 లోపు పంపాలి. నోటీసు వచ్చాక 90 రోజులు దాటినా ఇవ్వకపోతే, ఆపైన ప్రతి 30 రోజులకీ మరో 25,000.

యజమాని ఎవరో చెప్పమనడం న్యాయమే, దాని మీద నాకు పేచీ లేదు. నా పేచీ తూకం మీద. రికార్డులు భద్రపరిచే విషయంలో కోటి డాలర్ల లోపు రాబడి ఉన్న చిన్న కార్పొరేషన్లకి మినహాయింపు ఉంది. 2016 రూలు ఆ మినహాయింపు మన ఏకవ్యక్తి ఎల్.ఎల్.సి.లకి వర్తించదని విడిగా రాసి మరీ చెప్పింది! జరిమానా కూడా బహుళజాతి సంస్థకీ మనకీ ఒకటే.

ఇంకో గందరగోళం. 2024లో మొదలైన యజమానుల వివరాల రిపోర్టు (బి.ఓ.ఐ.) నుంచి అమెరికాలో పెట్టిన కంపెనీలను 2025 మార్చిలో మినహాయించారు. అది విని "రిపోర్టింగ్ అంతా ఎత్తేశారట" అనేవాళ్ళున్నారు. ఎత్తేసింది అది, 5472 కాదు. అలాగే ఇండియాలో రెసిడెంట్ అయితే మన ఐ.టి. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో ఈ కంపెనీని చూపించాలి.

జరిమానా కంపెనీ సైజుని బట్టి ఉండాలని నా అభిప్రాయం. అలా మారేదాకా, నెట్‌లో పది నిమిషాల్లో ఎల్.ఎల్.సి. తెరిచిపెట్టేవాళ్ళకి డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న వెయ్యండి: 5472 ఎవరు ఫైల్ చేస్తారు?