ఏంజెల్ గారి ఉద్యోగం

అమెరికాలో సీబీఎస్ ఛానల్ 1994 సెప్టెంబరు 21న ‘టచ్డ్ బై యాన్ ఏంజెల్’ అనే సీరియల్ మొదలుపెట్టింది. కథ మొదలయ్యేసరికి మోనికా అనే దేవదూతకి అప్పుడే ప్రమోషన్ వచ్చి ఉంటుంది. అంతకు ముందు ఆవిడది గాలింపు, రక్షణ చూసే విభాగం, ఇప్పుడు కేస్‌వర్కర్. పైన టెస్ అనే సూపర్‌వైజరు. రెక్కలూ లేవు, వీణలూ లేవు. టెస్‌కి ఎర్ర క్యాడిలాక్ కారుంది, మోనికాకి కాఫీ పిచ్చి ఉంది.

వారానికో కేసు. కష్టంలో కూరుకుపోయిన మనిషి పక్కన మోనికా ఏదో ఒక మామూలు కొలువులో చేరుతుంది. వ్యవహారం ముదిరి పాకాన పడ్డాక, చుట్టూ వెలుగు కమ్ముకుంటుండగా తానెవరో చెబుతుంది. దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు అన్న ఒక్క మాట అందించి వెళ్ళిపోతుంది. 2003 ఏప్రిల్ దాకా, తొమ్మిది సీజన్లు, 211 ఎపిసోడ్లు ఇదే వరస. తీపి ఎక్కువైందని ముఖం చిట్లించినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ మాట అబద్ధమనీ అనను. కానీ మాటల మీద మోజున్నవాడు ఆ ప్రమోషన్ దగ్గరే ఆగిపోతాడు. దేవదూతకి పై అధికారి, డ్యూటీ, ప్రమోషన్ అంటగట్టడం హాస్యం కోసం చేసిన పనిలా కనిపిస్తుంది గాని, ఆ మాట పుట్టిందే ఉద్యోగంలో.

గ్రీకులో ‘ఆంగెలోస్’ అంటే కబురు మోసుకొచ్చేవాడు. ఊరి తగాదా కబురైనా, యుద్ధం కబురైనా తెచ్చినవాడు ఆంగెలోసే. హీబ్రూ లేఖనాలను అలెగ్జాండ్రియాలో గ్రీకులోకి దించిన పండితులకు ‘మల్ఆఖ్’ అనే మాట ఎదురైంది. దాని ధాతువుకి అర్థం ‘పంపడం’. మల్ఆఖ్ అంటే పంపబడినవాడు, కాబట్టి ఆంగెలోస్ అన్నారు. పాత నిబంధనలో చివరి పుస్తకం ‘మలాకీ’ పేరు కూడా ఈ మాట నుంచి వచ్చిందే: ‘నా దూత’.

ఆదికాండం 32వ అధ్యాయం తెరిస్తే, యాకోబుకి దారిలో దేవుని మల్ఆఖులు ఎదురవుతారు. రెండు వాక్యాలు దాటగానే యాకోబు తన అన్న ఏశావు దగ్గరికి మల్ఆఖులను పంపుతాడు. ఈ రెండోవాళ్ళు వట్టి పనివాళ్ళు. మాట మాత్రం ఒకటే. లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ ఇక్కడ గీత గీశాడు: పైనుంచి వచ్చినవాడు ‘ఆంగెలుస్’, మనిషి పంపినవాడు ‘నున్షియుస్’. ఇంగ్లీషు ఆ గీతనే నమ్ముకుంది. అందుకే అక్కడ ఏంజెల్ వేరు, మెసెంజర్ వేరు. ఏంజెల్ చేతిలో సంచీ జారిపోయి రెక్కలు మిగిలాయి. తెలుగు బైబిలు మాత్రం మొదటివాళ్ళను దేవదూతలనీ, రెండోవాళ్ళను దూతలనీ రాసి చుట్టరికం చెడకుండా చూసింది. ఇంతటి నికార్సైన అనువాదం చేసినవాళ్ళకు మనం పెద్దగా దణ్ణం పెట్టినట్టు లేదు.

ఏంజెల్ అన్నది పనికి పేరు, స్వభావానికి కాదు అని సెయింట్ అగస్టీన్ ఎప్పుడో చెప్పాడు. వాళ్ళేమిటి అంటే ఆత్మలు. ఏం చేస్తారు అంటే దూతలు. మార్తా విలియమ్సన్ నిర్మాణంలో నడిచిన ఈ సీరియల్ అగస్టీన్ మాటకు కట్టుబడి నడిచింది. దానికి పదేళ్ళ ముందు, 1984లో, ఎన్‌బీసీలో వచ్చిన ‘హైవే టు హెవెన్’ది మరో దారి. అందులో మైకేల్ లాండన్ వేసిన జొనాథన్ ఒకప్పుడు మనిషి. చనిపోయాక ప్రొబేషన్ మీద భూమికి వచ్చాడు. అతని నోట దేవుడు ‘బాస్’. ప్రొబేషన్ ఒకచోట, ప్రమోషన్ ఇంకోచోట. ఇక పింఛనే మిగిలింది.

మల్ఆఖ్‌కి అరబ్బీ తోబుట్టువు ‘మలక్’. ఇది వినగానే హైదరాబాదువాళ్ళకు మలక్‌పేట గుర్తొస్తే తప్పు లేదు గాని, అది దేవదూతల పేట కాదు. గోల్కొండ సుల్తాను కొలువులోని మాలిక్ యాకూబ్ పేరు మీద వెలిసిందని చెప్తారు. మాలిక్ ధాతువు వేరు, ఏలికకూ సొంతదారుకూ సంబంధించినది. చెవికి ఒకటిగా వినిపిస్తారు గాని, ఒకడు పంపేవాడి వంశం, ఒకడు పంపబడ్డవాడి వంశం.

ఉర్దూవాళ్ళు మలక్ కన్నా ఎక్కువగా ‘ఫరిష్తా’ అంటారు. ఫారసీ నుంచి వచ్చిన ఈ మాట మనకు పరాయిది కాదు. అవెస్తాలో ‘ఫ్రఏష్త’ అంటే దూత. ఫకారం తీసి పకారం పెట్టి చూడండి: ప్ర + ఇష్, సంస్కృతంలో ‘ప్రేషిత’, పంపబడినవాడు. ఫరిష్తా, ప్రేషితుడు ఒక తల్లి పిల్లలే. పంపేవాడు ప్రేషకుడు. ఒక్క ‘క్ష’ తేడాతో ప్రేక్షకుడు. టీవీ దూతల కథలో వీళ్ళిద్దరి మధ్య నలిగేది మోనికా.

అన్నట్టు దక్కను చరిత్రకీ ఒక ఫరిష్తా ఉన్నాడు. అస్తరాబాద్ నుంచి వచ్చి బీజాపూర్ సుల్తాను కొలువులో చరిత్ర రాసిన ముహమ్మద్ ఖాసిం కలంపేరు అది. హైదరాబాదుకి భాగ్‌నగర్ అని పేరుండేదనీ, ఆ పేరు భాగమతిదనీ రాసినవాళ్ళలో ఆయనొకడు. ఆ మాట మీద చరిత్రకారుల తగాదా ఇంకా తెగలేదు. ఫరిష్తా చెప్పినా నమ్మనివాళ్ళు అన్ని కాలాల్లోనూ ఉంటారు.

ఇక మన దూత. ఉణాది సూత్రాలు ఈ మాటను ‘దు’ ధాతువు నుంచి సాధిస్తాయి. తమాషా ఏమిటంటే, ఆ సూత్రమే తాత శబ్దాన్నీ పుట్టించింది. కాబట్టి వ్యాకరణం ఇంట్లో దూత, తాత కవలలు. ‘దు’కి వెళ్ళడం అని ఒక అర్థం, తపించడం అని ఇంకో అర్థం. భాషాశాస్త్రవేత్తలు దూతను ‘దూరం’ పక్కన కూర్చోబెడతారు. దూరం వెళ్ళేవాడు దూత అంటే బాగానే కుదిరింది.

ఋగ్వేదంలో దేవతలకు మొదటి దూత అగ్ని. మనం వేసిన ఆజ్యం పైకి చేరవేసేవాడు. రెండో పేరు చెబితే కొందరు నొచ్చుకుంటారేమో. ఇంద్రుడి ఆవులను దాచిన పణుల దగ్గరికి కబురు తీసుకెళ్ళిన సరమ ఒక కుక్క. పణులు ఆమెను చెల్లెలా అని బుజ్జగించి తమ వైపు తిప్పుకోజూస్తారు, ఆమె లొంగదు. ఈ సరమ పిల్లలు రెండు, నాలుగేసి కళ్ళున్న కుక్కలు, యముడికి దూతలై జనం మధ్య తిరుగుతాయని అదే వేదం పదో మండలం చెబుతుంది. సరమ సంతానం కాబట్టి సారమేయాలు. మున్సిపాలిటీ వీధికుక్కల్ని పట్టినప్పుడల్లా మన పత్రికల్లో ‘సారమేయాలు’ అని శీర్షిక పడుతుంది. రాసిన సబ్ ఎడిటరుకి తాను యమదూతల సంగతి రాస్తున్నానని తెలుసో లేదో.

యమదూత అనగానే మనకు కళ్ళ ముందు కదిలేది పాశం, మీసం. మోనికా సీరియల్‌లో ఆ పని ఆండ్రూది. జాన్ డై అనే నటుడు వేశాడు. తెల్లటి సూటు, మెత్తటి మాట, పక్కింటి కుర్రాడి మొహం. చావబోయేవాడి భుజం మీద చెయ్యి వేసి, పద వెళ్దాం అంటాడు. మన ప్రేక్షకుడికి ఇది కాస్త ఇబ్బందే. ఆ సీరియల్ మొదలైన 1994లోనే మన దగ్గర ‘యమలీల’ వచ్చింది. అందులో దూతలతో పని లేకుండా కైకాల సత్యనారాయణ వేసిన యముడే చిత్రగుప్తుణ్ణి వెంటబెట్టుకుని కిందికి దిగాడు, పోగొట్టుకున్న పుస్తకం వెతుక్కుంటూ. మనకు చావు దేవుడి మీద జోకులు చెల్లినంతగా జాలి చూపులు చెల్లవు.

అయితే ఈ టీవీ కథకు దగ్గరి చుట్టం మన భాగవతంలోనే ఉన్నాడు. తెలుగు భాగవతంలో ఆరో స్కంధం పోతనది కాదు, ఏర్చూరి సింగన చేసింది. అందులో అజామిళుడు మంచం మీద ఆఖరి ఊపిరిలో ఉండి చిన్న కొడుకుని నారాయణా అని పిలుస్తాడు. యమదూతలు ఒకవైపు, విష్ణుదూతలు ఒకవైపు చేరి ఆ మంచం దగ్గర వాదన పెట్టుకుంటారు. ధర్మం అంటే ఏమిటి, ప్రాయశ్చిత్తం అంటే ఏమిటి అని కోర్టు స్థాయిలో నడుస్తుంది. చివరికి మనిషి బతుకుతాడు, బుద్ధి తెచ్చుకుంటాడు, గంగ ఒడ్డుకు పోతాడు. సీరియల్‌లో ఇదంతా ఒక్క గంటలో అయిపోవాలి, మధ్యలో ప్రకటనలతో సహా.

కౌటిల్యుడు దూతలకు గ్రేడ్లు కట్టాడు. మంత్రికి ఉండాల్సిన గుణాలన్నీ ఉన్నవాడు నిసృష్టార్థుడు. పని అప్పగిస్తే తన తెలివితో తేల్చుకొస్తాడు. అందులో పావు తక్కువైనవాడు పరిమితార్థుడు; చెప్పినంతవరకే చేస్తాడు. సగం తక్కువైనవాడు శాసనహరుడు. ఉత్తరం ఇచ్చి వచ్చేస్తాడు. ఈ కొలబద్ద పెడితే టెస్ నిసృష్టార్థురాలు, సందేహం లేదు. ఆండ్రూ తెచ్చేది మార్చడానికి వీల్లేని శాసనం కాబట్టి శాసనహరుడు అనాలి. గుణాల్లో సగం కోత మాత్రం అతనికి అన్యాయం. మోనికా పరిమితార్థ. కానీ ఎప్పుడూ గీత దాటబోతుంది, టెస్ కళ్ళెర్రజేస్తుంది, కథంతా ఆ పావు వంతులోనే నడుస్తుంది.

గీత దాటిన దూత అంటే మనకు హనుమంతుడే. వెతికి రమ్మంటే లంక తగలబెట్టి వచ్చాడు. కానీ నన్ను ఎక్కువగా పట్టేది ఆ మంట కన్నా ముందు ఘట్టం. సుందరకాండలో సీత తన జడనే ఉరి చేసుకోవాలనుకున్న ఘడియ అది. హనుమంతుడు శింశుపా వృక్షం ఆకుల్లో దాక్కుని ఉన్నాడు. దూకి కనిపించవచ్చు, ఉంగరం చూపించవచ్చు. ఆయన తేల్చుకోలేకపోయింది ఏ భాషలో పలకరించాలనేది. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే రావణుడే వేషం మార్చి వచ్చాడని బెదిరిపోతుంది. మామూలు మనుషుల మాటే మాట్లాడాలి, అందులోనూ ముందు ఆవిడకి ఇష్టమైన కథ చెప్పాలి. అలా చెట్టు మీద నుంచే రాముడి కథ మొదలుపెడతాడు. ఆనవాలు ఆ తర్వాత సంగతి.

ఆపదలో ఉన్న మనిషి దగ్గరికి ఎలా వెళ్ళాలో ఇంతకన్నా వివరంగా ఎవరు రాశారు? మోనికా నర్సు కోటు వేసుకుని వచ్చినా, వెలుగును చివరి ఘట్టం దాకా దాచినా, అది శింశుపా చెట్టు మీది ఎత్తే. ఆ పాత్ర వేసిన రోమా డౌనీది ఉత్తర ఐర్లండులోని డెర్రీ. తన ఊరి యాసతోనే మాట్లాడింది. అమెరికా ప్రేక్షకులకు అది ఎక్కడో పైనుంచి వచ్చిన యాసలా వినిపించి ఉంటే ఆశ్చర్యం లేదు.

కేస్‌వర్కర్ అన్నాం. మన నోళ్ళలో కేసు అంటే పోలీసు కేసు, కోర్టు కేసు, ఆసుపత్రి కేసు. దీని లాటిన్ మూలం ‘కాసుస్’. పడిపోవడం అని అర్థం. వ్యాకరణంలో విభక్తికి ఇంగ్లీషువాళ్ళు చెప్పే కేస్ కూడా ఇదే, నామం తిన్నగా నిలబడక ఒరిగిపోవడం. ఇక మన ‘ఆపద’ చూడండి: ఆ + పద్, వచ్చి పడడం. పద్ ధాతువుకి పోవడంతో పాటు పడడం అనే అర్థమూ ఉంది. కాబట్టి కేసు అన్నా, ఆపద అన్నా జారిపడ్డ మనిషే. పడ్డవాడికి బంధువు ఆపద్బాంధవుడు. దూత అన్న పేరులో లేని సాయం ఈ పేరులో ఉంది. కబురు చెప్పి ఊరుకోడు, చెయ్యి ఇస్తాడు.

ఆ చెయ్యి సంగతే ‘టచ్డ్’. ఇంగ్లండులో ఒకప్పుడు ఏంజెల్ అనే బంగారు నాణెం ఉండేది. నాలుగో ఎడ్వర్డు 1465లో వేయించాడు. దాని మీద ప్రధాన దూత మిఖాయేలు డ్రాగన్‌ను పొడుస్తుంటాడు. మెడ గ్రంథులు వాచే జబ్బు రాజుగారి చేయి తగిలితే పోతుందని అక్కడివాళ్ళ నమ్మకం. రాజు రోగిని తాకి, ఈ ఏంజెల్‌ను రిబ్బనుకు గుచ్చి మెడలో వేసేవాడు. ఏంజెల్ తాకడం అంటే అప్పట్లో చేతికి దొరికే వ్యవహారమే. నాణెం ఆగిపోయాక కూడా అదే బొమ్మతో బిళ్ళలు పోయించారు. 1712లో ఆన్ రాణి తాకిన పిల్లల్లో సామ్యూల్ జాన్సన్ ఒకడు, ఆ తర్వాత 1755లో ఇంగ్లీషు నిఘంటువు తెచ్చినాయన. జబ్బు తగ్గలేదు, మచ్చలు పోలేదు. బిళ్ళ మాత్రం బతికినన్నాళ్ళూ మెడలోనే ఉంది.

ఆ జబ్బుకి మన వైద్యులు పెట్టిన పేరు గండమాల. గండం అంటే బొడిపె, వాపు. అవి మాలలా వరస కడితే గండమాల. జాతకంలో చెప్పే గండం కూడా ఈ అక్షరాల్లోనే ఉంది: నీటిగండం, వాహనగండం. ఇది తెలుగువాళ్ళ నాలుక మీద ఎంతగా నలిగిందంటే, గండం గడవడం అనే పని కోసమే ఒక క్రియ పుట్టింది: గట్టెక్కడం. చెరువులో పడ్డవాడు గట్టు మీదికి చేరడం. పరీక్ష గట్టెక్కామంటాం, అప్పుల నుంచి గట్టెక్కామంటాం, పెళ్ళి గట్టెక్కించామంటాం.

ఈ సీరియల్‌కి తెలుగు పేరు పెట్టమని నన్నడిగితే ‘దేవదూత స్పర్శ’ అనను. అది సబ్బు ప్రకటనలా ఉంది. ‘ఏంజెల్’ అని ఉంచితే గౌను, రెక్కలు, పుట్టినరోజు కేకు కళ్ళ ముందుకొస్తాయి. కాకపోతే స్టార్టప్ కుర్రాళ్ళకు పెట్టుబడి పెట్టే మారాజు గుర్తొస్తాడు. ఆ ఏంజెల్ పెట్టే పెట్టుబడి మీద ప్రభుత్వం 2012లో పన్ను వేసి, 2024 బడ్జెట్‌లో ఎత్తేసింది కూడా. ‘ఆపద్బాంధవుడు’ని దర్శకుడు విశ్వనాథ్ గారు 1992లోనే సినిమా పేరుగా తీసుకున్నారు. ‘గట్టెక్కించేవాళ్ళు’ అంటాను. దేవుడి ఊసే లేదేమని అడుగుతారు. చెరువులో ఉన్నవాడు చెయ్యి ఎవరు పంపారని విచారించేది గట్టు మీద కూర్చున్నాకనే కదా.