బేనిషాన్

మాది కొలిమిగుండ్ల. హైదరాబాదులో ఎవరైనా 'మీదే ఊరు సాబ్?' అంటే ఒక్క ముక్కలో చెప్పలేను. బెలుం గుహల పక్కన అంటే కొందరికి తెలుస్తుంది. బనగానపల్లె దగ్గర అంటే మాత్రం మొహాలు విచ్చుకుంటాయి. 'ఓహో, మామిడిపళ్ళ బనగానపల్లె!' పరాయి ఊళ్ళో మా జెండా ఆ పండే. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దాని ఉర్దూ పేరు బేనిషాన్. నిషాన్ అంటే మచ్చ, గుర్తు. జెండాను కూడా నిషాన్ అంటాం. మచ్చలేని పండుకు పెట్టిన పేరు మాకూ అతికినట్టుంది.

1800లో నిజాం మా ప్రాంతాన్ని సైన్యం ఖర్చు కింద ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. అప్పట్నుంచీ మాది దత్తమండలం. 1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు 'రాయలసీమ' అన్న పేరు ప్రతిపాదించారు. అవమానాన్ని కడిగిన పేరు. నాకూ గర్వమే. కానీ ఆ కథ చెప్పేటప్పుడు కొందరు మావైపొక చూపు చూస్తారు, ఇచ్చేసింది మీ నిజామే కదా అన్నట్టు. నిజాం మాకేమవుతాడు? మా తాత నాపరాతి గనిలో సుత్తి పట్టినవాడు. ఆ నేలతో పాటు ఆయన పూర్వీకుల్నీ ఇచ్చేశారు, అడక్కుండానే.

1847లో కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు మా పిల్లలకు నోటికొచ్చు. రావాలి కూడా. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1839లో, ఇంగ్లీషువాళ్ళు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ ను పట్టుకుని తిరుచినాపల్లి పంపారు. మరుసటేడు ఆయన అక్కడే హత్యకు గురయ్యాడు. సీమ పౌరుషం మీద ఎన్నో ఉపన్యాసాలు రిపోర్టు చేశాను. ఆయన పేరు విన్నది తక్కువ.

ఇక్కడ పాతబస్తీలో నా ఉర్దూ వింటే 'ఆంధ్రావాలా' అంటారు. తెలుగు మిత్రులేమో 'మీకింత మంచి తెలుగెలా వచ్చింది?' అని మెచ్చుకుంటారు. అమ్మ కొట్టి నేర్పింది లెండి.

ఓ ఏడు గ్యార్వీ నెలలో అద్దెింటి మేడ మీద పచ్చజెండా కట్టాం. ఊళ్ళో అయితే ఎవరూ తలెత్తి చూడరు. మా సీమ పల్లెల్లో పీర్లనెత్తుకునే భుజాలు సగం హిందువులవే. ఇక్కడ ఓనరు పైకొచ్చాడు.

'ఇదే దేశం జెండా అండీ?'

'మా కొలిమిగుండ్లది' అన్నాను.

నవ్వలేదు. సాయంత్రానికి మా ఆవిడ జెండా మడిచి బీరువాలో పెట్టింది. వేసవిలో ఊరినుంచి తెచ్చిన బుట్టెడు బేనిషాన్ పళ్ళు వాళ్ళింట్లో ఇచ్చాను. ఇంటిల్లిపాదీ తిన్నారు. ఇంకో బుట్ట దొరుకుతుందా అని ఆయనే అడిగాడు.