అర టన్ను బండి: నూరేళ్ల కథ, పాత బండి కొనేవారికి పాఠం



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు కొంత వెనుకాడాను. 31 సంవత్సరాలు గ్యారేజీలో గ్రీజు చేతులతో గడిపినవాడిని, నేనేం రాయగలను? "మీకు తెలిసిన దాన్ని గురించే రాయండి" అన్నారాయన. నాకు తెలిసినవి బండ్లు. అందులోనూ, పాతబడిన బండ్లు. అందుకే ఈ వ్యాసం.

మనలో చాలామంది పిల్లలు ఈనాడు అమెరికాలో ఉన్నారు. అక్కడికి వెళ్లి వచ్చిన మిత్రులు గమనించే ఉంటారు. పల్లెల్లోనూ, ఊరి శివార్లలోనూ ఇంటి ముందు కారుతో పాటు వెనుక తొట్టి ఉన్న పెద్ద బండి ఒకటి నిలబడి ఉంటుంది. దానిని పికప్ అంటారు. అందులో ఎక్కువగా అమ్ముడయ్యే రకానికి 'హాఫ్ టన్', అంటే అర టన్ను బండి అని పేరు. 2018 సెప్టెంబరులో నేనూ మా ఆవిడా ఒహాయో రాష్ట్రంలోని మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు ఈ అర టన్ను బండితో నాకు పని పడింది.

మా అల్లుడికి ఆ ఏడాదే కంప్యూటరు ఉద్యోగం పోయింది. దాచుకున్న డబ్బుతో ఊరి బయట అయిదెకరాలు కొని గోంగూర, సొర, బీర, పచ్చిమిర్చి వేసి చుట్టుపక్కల మన కుటుంబాలకు అమ్మాలని పూనుకున్నాడు. ఎరువు తేవడానికీ, కూరలు చేరవేయడానికీ పికప్ కావాలి. కొత్తదానికి డబ్బు లేదు. చేతిలో ఉన్నది 9 వేల డాలర్లు. అది తప్పుడు బండి మీద పోతే ఆ సేద్యం అక్కడితో ఆగిపోతుంది. అదే బండిలో మా మనవణ్ని బడికి దింపాలి. "మామయ్య గారూ, మీరు ఉండగానే కొనేద్దాం" అన్నాడు.

బండి చూడబోయే ముందు దాని వంశం తెలుసుకోవాలనేది నా అలవాటు. గ్రంథాలయంలో కూర్చుని చదివాను. అందులో ఈనాటికీ పనికివచ్చే సంగతులు కొన్ని మనవి చేస్తాను.

పేరులో ఉన్న అర టన్ను

అమెరికా టన్ను మన మెట్రిక్ టన్ను కాదు. అది 2,000 పౌండ్లు, అంటే సుమారు 907 కిలోలు. అందులో సగం 1,000 పౌండ్లు, సుమారు 454 కిలోలు. తొలి రోజుల్లో చిన్న లారీల మోతబరువు నిజంగా అంతే ఉండేది, పేరు దాన్నిబట్టి వచ్చింది. 1918లో షెవ్రొలే కంపెనీ అమ్మిన తొలి సరుకు బండ్లలో ఒకటి అర టన్నుది, మరొకటి టన్నుది. ఫోర్డ్ కంపెనీ 1925లో తన మోడల్-టి కారుకు కర్మాగారంలోనే వెనుక తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. అంతకు ముందు రైతులు కారు కొని, వెనుక భాగం కోయించి, వడ్రంగి చేత చెక్క తొట్టి కట్టించుకునేవారు. మన దగ్గర జీపులకూ, ట్రాక్టర్లకూ చేయించినట్టే.

1948లో ఫోర్డ్ 'ఎఫ్' వరుస మొదలుపెట్టినప్పుడు అర టన్ను బండికి ఎఫ్-1 అని పేరు. 1953లో అది ఎఫ్-100 అయింది. షెవ్రొలే వారి సి-10, డాడ్జ్ వారి డి-100 కూడా ఆ తరగతివే. ఈనాడు అదే తరగతి బండి 1,500 పౌండ్లో, అంతకంటే ఎక్కువో మోస్తుంది. పేరు మాత్రం మారలేదు. 2005లో మన దేశంలో వచ్చిన టాటా ఏస్, జనం 'ఛోటా హాథీ' అని పిలుచుకునేది, ముప్పావు టన్ను మోస్తుంది. దాని ఇంజను 702 సీసీ. అమెరికా అర టన్ను బండ్లలో 5 లీటర్లు దాటిన ఇంజన్లు మామూలు.

ఇందులో పాఠం ఏమిటంటే, పేరును నమ్మకూడదు. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద ఒక చీటీ అతికించి ఉంటుంది. మనుషులూ, సరుకూ కలిపి ఎన్ని పౌండ్లు మించరాదో అందులో రాసి ఉంటుంది. చీటీలో 1,400 ఉంటే, నలుగురు పెద్దవాళ్లు కూర్చున్నాక సరుకుకు మిగిలేది సుమారు 800 పౌండ్లే. తడిమట్టి ఒక ఘనగజం అమెరికా టన్నుకు తక్కువ తూగదు. తొట్టిలో చోటు ఉంది కదా అని నింపితే కమాను పట్టీలు, బేరింగులు, బ్రేకులు మూల్యం చెల్లిస్తాయి. పాత యజమాని అలా నింపాడేమో చూడవలసింది కూడా అక్కడే.

కోడిమాంసం తెచ్చిన పన్ను

1960 దశకం ఆరంభంలో అమెరికా కోడిమాంసం చవకగా ఐరోపా బజారులో పడుతున్నదని అక్కడి దేశాలు దానిపై సుంకం పెంచాయి. అందుకు బదులుగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1963 డిసెంబరులో బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, చిన్న లారీలు అనే నాలుగింటి దిగుమతిపై 25 శాతం సుంకం విధించాడు. 1964 జనవరి నుంచి అది అమలైంది. తక్కినవాటిపై పన్ను తరువాత పోయినా లారీల మీదిది నిలిచిపోయింది. దానికి 'చికెన్ టాక్స్' అనే పేరు స్థిరపడింది.

అందువల్ల కార్ల బజారులో జపాను వారు చొచ్చుకుపోయినంతగా పెద్ద పికప్‌ల బజారులో పోలేకపోయారు. టొయోటా కంపెనీ టండ్రా అనే బండి కోసం ఇండియానా రాష్ట్రంలోనే కర్మాగారం పెట్టుకోవలసి వచ్చింది. ఫోర్డ్, షెవ్రొలే, డాడ్జ్ వారి బండ్లు దేశమంతటా లక్షల కొద్దీ తిరిగాయి. పాత బండి కొనేవాడికి దీనివల్ల ఒక మేలు ఉంది. ఏ చిన్న ఊళ్లోనైనా విడిభాగం దొరుకుతుంది, విప్పి బిగించగల మెకానిక్కూ దొరుకుతాడు. ఫోర్డ్ వారి 300 ఘనాంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను 1965 నుంచి 1996 దాకా పికప్‌లలో వచ్చింది. ఒకే ఇంజను అంతకాలం నడిచిందంటే దాని గుణదోషాలు మెకానిక్కులకు కంఠతా వచ్చి ఉంటాయి కదా.

1975లో ఫోర్డ్ ఎఫ్-150ని తెచ్చింది. ఆ రోజుల్లో పొగ నియంత్రణ నిబంధనలు మొత్తం బరువు 6,000 పౌండ్ల లోపు బండ్లకు కఠినంగా ఉండేవి. దాన్ని దాటించేందుకు అర టన్ను బండినే కొంచెం బరువుగా చేశారు. 1977 నుంచి ఈ ఎఫ్ వరుసే అమెరికాలో ఎక్కువగా అమ్ముడుపోయే పికప్. 2015 నమూనా నుంచి ఎఫ్-150 బాడీని అల్యూమినియంతో చేస్తున్నారు. బాడీ తుప్పు పట్టదు, నిజమే. కాని కింద ఉన్న చాసిస్ ఉక్కుదే.

రోడ్ల మీద ఉప్పు

చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన సంగతి ఇది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లడం విస్తారంగా మొదలైంది. మంచు కరుగుతుంది. ఆ ఉప్పునీరు బండి అడుగుకు ఎగజిమ్మి ఇనుమును తింటుంది. చిత్రం ఏమిటంటే, మోటారు పరిశ్రమకు పుట్టిల్లయిన డెట్రాయిట్ నగరం కింద, వెయ్యి అడుగులకు పైగా లోతులో ఉప్పు గని ఉంది. రోడ్ల మీద చల్లే ఉప్పు అక్కడ తవ్వుతారు.

గట్టి బండి అని పేరున్న కంపెనీకి కూడా ఉప్పు మినహాయింపు ఇవ్వలేదు. 2009లో టొయోటా వారు చలి ఎక్కువగా ఉండే 20 రాష్ట్రాల్లోని 2000–2003 నమూనా టండ్రాలను, సుమారు 1 లక్షా 10 వేల బండ్లను, చాసిస్ తుప్పు కారణంగా వెనక్కి పిలిచి తనిఖీ చేయవలసి వచ్చింది. స్టెపినీ ఊడి రోడ్డు మీద పడే ప్రమాదమూ, వెనుక బ్రేకు పైపులు దెబ్బతినే ప్రమాదమూ ఉండటమే కారణం.

సముద్రపు గాలి తగిలే డిపోలలో పనిచేసిన మిత్రులకు ఇది కొత్త కాదు. విశాఖలో పనిచేసిన రోజుల్లో పైన రంగు మెరుస్తున్న బస్సుకు అడుగున క్రాస్ మెంబర్లు పెచ్చులు పెచ్చులుగా ఊడటం నేను ఎన్నోసార్లు చూశాను.

కాగితాలు చెప్పే సాక్ష్యం

పాత బండ్ల మోసాలు అక్కడా ఉన్నాయి. వాటిని అరికట్టడానికి చట్టాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 1972లో మైలు మీటరు తిప్పడం కేంద్ర చట్టం ప్రకారం నిషిద్ధమైంది. 1981 నుంచి ప్రతి బండికీ 17 అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య ఉంటుంది, అందులో 10వది నమూనా సంవత్సరాన్ని తెలుపుతుంది. 1985 నుంచి పాత బండ్ల డీలరు ప్రతి బండి అద్దానికీ ఒక పత్రం అంటించాలి. హామీ ఉందో, 'ఉన్నది ఉన్నట్టుగా' అమ్ముతున్నాడో అందులో తెలపాలి. సొంతంగా అమ్ముకునేవారికి ఈ నియమం వర్తించదు. 1992 చట్టం ద్వారా టైటిల్ కాగితాల జాతీయ వివరావళికి పునాది పడింది. ప్రమాదంలో నుజ్జయిన బండి, 2005 కత్రినా, 2017 హార్వీ వంటి తుఫానుల వరదలో మునిగిన బండి మరో రాష్ట్రంలో మంచి బండిగా చెలామణి కాకుండా చూడటానికి అది ఉపకరిస్తుంది. 2014 నుంచి గుర్తింపు సంఖ్యతో, కంపెనీ వెనక్కి పిలిచిన మరమ్మతులు మిగిలి ఉన్నాయేమో ఉచితంగా చూసుకోవచ్చు.

మేము చూసిన రెండు బండ్లు

మొదటిది 2006 నమూనా. మీటరు మీద 92 వేల మైళ్లు. రంగు అద్దంలా ఉంది. అల్లుడు మురిసిపోయాడు. "పైన చూసింది చాలు బాబూ, కింద చూద్దాం" అని గోనె పరుచుకుని అడుగుకు దూరాను. చాసిస్ అంతా అప్పుడే పూసిన నల్లటి తారు పూత. పన్నెండేళ్ల బండికి కొత్త పూత ఎందుకని అనుమానం వచ్చింది. స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ వెళ్లాను. ముందు భాగం ఖంగుమంది. వెనుక చక్రాల పైన చాసిస్ వంపు తిరిగే చోట అట్టపెట్టె మీద తట్టినట్టు బద్దగా మోగింది. మొనతో నొక్కితే లోపలికి దిగిపోయింది. ఆ పక్కనే బ్రేకు పైపు పొరలు పొరలుగా ఉబ్బి ఉంది. నిండు బరువుతో పల్లంలో దిగుతుండగా ఆ పైపు పగిలితే ఏమవుతుందో మన మిత్రులకు చెప్పనక్కరలేదు. టైటిల్ కాగితం మీద మైళ్ల దగ్గర 'మినహాయింపు' అని ఉంది. ఆనాటి నియమం ప్రకారం పదేళ్లు దాటిన బండికి అమ్మేవాడు మైళ్లు ధ్రువీకరించనక్కరలేదు. తరువాత 2021 నుంచి 2011, ఆపై నమూనాలకు ఆ గడువును 20 ఏళ్లకు పెంచారు. కాని క్లచ్ లేని ఆ బండిలో బ్రేకు పెడలు రబ్బరు ఇనుము కనిపించేదాకా అరిగి ఉంది. అది 92 వేల మైళ్ల అరుగుదల కాదు. నమస్కారం పెట్టి వచ్చేశాం. అల్లుడు దారి పొడవునా మాట్లాడలేదు.

రెండోది దొరకడానికి మూడు వారాలు పట్టింది. 2008 నమూనా, 1 లక్షా 58 వేల మైళ్లు. తొట్టి నిండా గీతలు, ఎండకు వెలిసిన రంగు. కాగితాల ప్రకారం 2017 దాకా అరిజోనా ఎడారిలోనే తిరిగింది. చాసిస్ మీద కర్మాగారపు గుర్తులు ఇంకా చదవడానికి వస్తున్నాయి. ముందు రోజే ఫోన్ చేసి, మేము వచ్చేదాకా ఇంజను తిప్పవద్దని చెప్పాం. చల్లటి ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. నీలి పొగ లేదు. ఆయిలు మూత కింద పాలనురుగు లేదు. గేరు ఆయిలు ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు. టైర్లు నాలుగూ సమంగా అరిగాయి. చాప కింద ఒండ్రుమట్టి లేదు. అయినా అమ్మేవాడితో సంబంధం లేని మరో మెకానిక్‌కు వంద డాలర్లు ఇచ్చి లిఫ్టు మీద చూపించాం. అల్లుడికి ఆ వంద దండగ అనిపించింది. నాకంటే చిన్నవాడైన ఆ మెకానిక్కు నేను గమనించని ఒక యూనివర్సల్ జాయింటు వదులును పట్టుకున్నాడు. దాన్ని చూపించి అమ్మేవాడి దగ్గర 300 తగ్గించుకున్నాం.

మా అమ్మాయి మొన్న ఫోనులో చెప్పింది, ఆ బండి ఇప్పటికీ తిరుగుతోందట. ప్రతి ఏటా చలికాలం వెళ్లగానే అల్లుడు అడుగుభాగం నీళ్లతో కడిగి, తానే స్క్రూడ్రైవరు పుచ్చుకుని కిందికి దూరి తట్టి చూస్తాడట. మనవడు టార్చిలైటు పట్టుకుంటాడట.

మన పిల్లలు అక్కడ పాత బండి కొనబోతే ఈ నాలుగు మాటలు చెప్పండి. తలుపు పక్క చీటీ చదవమనండి. మైళ్ల కంటే ముందు ఏ రాష్ట్రంలో తిరిగిందో అడగమనండి. చాసిస్ తట్టి చూడమనండి. తెలియని మెకానిక్ చేత ఒకసారి చూపించమనండి. పాత బండి కొనడానికి తొందర పనికిరాదు. ఆ ఓపిక మన వయసువాళ్లకు ఉంటుంది కనుక, వీలైతే మీరూ వెంట వెళ్లండి.

దోషాలుంటే పెద్దలు మన్నించ ప్రార్థన.

– ఒక విశ్రాంత గ్యారేజీ ఫోర్‌మన్