మగ్గము మజూరీ, నూలు ధర, పాలారు నీరు

ద్రవ్యోల్బణము, నిరుద్యోగము, అభివృద్ధి అను మూడు మాటలు వార్తాపత్రికలలో ప్రతిదినము కనబడుచుండును. దేశముయొక్క ఆర్థికస్థితి ఈ మూటిమీదనే ఆధారపడియున్నదని పండితులందురు. ఆ మాట నిజమే. కాని గుడియాత్తము, పళ్ళికొండ, వేలూరు ప్రాంతములలో తరతరములుగా కాపురమున్న మన కుటుంబములకు ఈ మూడును గ్రంథముల ద్వారా పరిచయమైనవి కావు. మొదటిది నూలు చిలపతో ఇల్లు చేరినది. రెండవది ఆగిపోయిన మగ్గముగా కనబడినది. మూడవది పాలారు నీటిలో కలిసి వచ్చినది. పడుగు, పేక, కండె, ఆసు అను తెలుగు మాటలు నోటనున్న మనవారికి ధరల చరిత్ర యనగా చాలవరకు మగ్గము చరిత్రయే.

1958లో ఫిలిప్స్ అను ఆర్థికవేత్త, 1861 మొదలు 1957 వరకు గల బ్రిటిషు లెక్కలను పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించెను. నిరుద్యోగము తక్కువగానున్న యేండ్లలో కూలిరేట్లు వేగముగా పెరుగుననియు, ఎక్కువగానున్న యేండ్లలో ఆ పెరుగుదల మందగించుననియు అందలి సారము. తరువాతివారు కూలికి బదులు ధరలను పెట్టి, ధరల పెరుగుదలయు నిరుద్యోగమును త్రాసులోని రెండు తట్టల వంటివని బోధించిరి. నెలజీతముతో మిల్లులలో పనిచేయువారు నిండిన దేశమునకు ఆ సూత్రము కొంతకాలము సరిపోయినది. నేసిన గజమునకింత, చుట్టిన వేయి బీడీలకింత, నింపిన అగ్గిపెట్టెలకింత యని కూలి పుచ్చుకొను ఊళ్లకు అది సరిపడదని మా అభిప్రాయము. ఇచ్చట ధరల పెరుగుదలయు పనిలేమియు ఒకే బండిలో దిగినవి.

1876 మొదలు 1878 వరకు వచ్చిన మహాక్షామమును చూడుడు. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి కూడ చేరియుండెను. 1911లో గాని చిత్తూరు జిల్లా వేరుపడలేదు. వానలు తప్పగానే ధాన్యము ధర ఎగసినది. సేద్యగాని కష్టము కంటికి కనబడునదే. కాని నేతగానికి పొలము లేదు, ఎండిన పైరును లేదు. అయినను అతడే ముందుగా కూలిపోయెను. ధాన్యము కొనుటకే డబ్బు చాలని యేట చీర కొనువాడెవడు? చిరిగిన చీరను కుట్టుకొని కట్టవచ్చును గాని ఆకలిని వచ్చే యేటికి వాయిదా వేయరాదు. 1857లో ఎంగెల్ అను జర్మను గణాంకవేత్త, బీదవాని సంపాదనలో తిండికి పోవు భాగము ఎక్కువ యని నిరూపించినది ఇదియే. క్షామపు పనులలో పురుషునకు ఒక పౌను ధాన్యము వెలయు, దానిపై ఒక అణాయు చాలునని రిచర్డు టెంపుల్ దొర 1877 ఆరంభమున నిర్ణయింపగా, అది ప్రాణము నిలుపుటకు చాలదని మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ పోరాడెను. కొన్ని నెలలకు ఆ రేటు సవరింపబడినది. సవరణ వచ్చులోపల పోయిన ప్రాణములు పోయినవే.

ధరలు పెరుగుటయే రోగమైనచో ధరలు పడిపోయిన యేండ్లు సుఖముగా గడవవలెను. 1929 తరువాత వచ్చిన ఆర్థికమాంద్యములో మద్రాసు రాజధానిలో ధాన్యము ధర సుమారు సగమునకు దిగెను. బియ్యము చవుక, చేతిలో రూపాయి మాత్రము లేదు. రైతు తన అప్పును పాత రూపాయలలో తీర్చవలెను. పంటను కొత్త ధరకు అమ్మవలెను. 1938లో రాజాజీ మంత్రివర్గము రైతు ఋణవిమోచన చట్టము తెచ్చినది ఇందువలననే. మద్రాసు రాష్ట్ర చేనేత సహకార సంఘము, అనగా నేటి కో-ఆప్టెక్స్, 1935లో ఏర్పడినదియు ఈ కాలముననే. కావున చూడవలసినది ధర ఎక్కువా తక్కువా యని కాదు. బియ్యము, నూలు, గుడ్డ, మజూరీ అను నాలుగు ధరలలో ఏది ముందు కదలును, ఏది వెనుక కదలును అనుటయే చూడవలెను. మజూరీ ఎప్పుడును వెనుకనే.

రెండవ ప్రపంచయుద్ధము ఈ సంగతిని అందరికిని తెలియజేసెను. భారతదేశములో బ్రిటిషు ప్రభుత్వము చేసిన యుద్ధపు ఖర్చులకు లండనులో స్టెర్లింగు ఖాతాలో జమ వ్రాయుచు, దానికి బదులుగా ఇచ్చట రూపాయి నోట్లు అచ్చువేసిరి. 1939 నుండి 1945 లోపల చెలామణిలోని నోట్లు ఆరు రెట్లకు పైగా పెరిగినవి. సరకు మాత్రము పెరుగలేదు సరికదా తగ్గినది. 1942లో బర్మా జపానువారి వశమైనందున అచ్చటి బియ్యము రాక నిలిచిపోయెను. మిల్లుల గుడ్డలో పెద్ద భాగము సైన్యమునకు పోయెను. 1943లో గుడ్డకును నూలుకును నియంత్రణ ఉత్తరువు వచ్చెను. చట్టప్రకారము నూలు ఒక ధర, చీకటి బజారులో ఇంకొక ధర. సంఘములో చేరిన నేతగానికి వాటా నూలు కొంత దొరకెను. చేరనివాడు సావుకారు చెప్పిన ధర ఇచ్చెను, లేదా మగ్గము దించెను. 1948 ఆరంభమున నియంత్రణ సడలింపగా ధరలు ఒక్కసారిగా ఎగసినవి. ఆ యేడే మరల నియంత్రణ విధింపవలసి వచ్చెను.

ఇంతకంటె గట్టి దెబ్బ శాంతికాలములో తగిలినది. 1950లో కొరియా యుద్ధము మొదలైన పిమ్మట ప్రత్తి మొదలగు ముడిసరకుల ధరలు ప్రపంచమంతటను పెరిగినవి. హెచ్చు ధరకు కొన్న నూలుతో గుడ్డ నేయబడెను. 1952 తొలిభాగమున ఆ ధరలు హఠాత్తుగా కూలినవి. తూర్పుదీవులకు పోవు లుంగీల, చేతిరుమాళ్ల గిరాకియు తగ్గెను. మద్రాసు రాష్ట్రమంతటను సంఘముల గిడ్డంగులలో అమ్ముడుపోని గుడ్డ పేరుకొనెను, మగ్గములు వేల కొలది నిలిచెను. ఆ యేప్రిల్‌లో ముఖ్యమంత్రి యైన రాజాజీ, ధోవతులను చీరలను చేనేతకే ప్రత్యేకింపవలెనని కేంద్రమును పట్టుబట్టెను. కేంద్రము పూర్తిగా ఒప్పుకొనలేదు. మిల్లులు తాము లోగడ నేసిన ధోవతులలో నూటికి అరువది వంతులకు మించి నేయరాదని మాత్రము ఆజ్ఞాపించెను. 1952లోనే అఖిలభారత చేనేత మండలి ఏర్పడెను. 1953 నాటి చట్టము గజము మిల్లు గుడ్డకు మూడు పైలు, అనగా కాలణా, సుంకము విధించి, ఆ డబ్బును ఖద్దరుకును చేనేతకును వినియోగించెను. ద్రావిడ ఉద్యమ నాయకులు చేనేత గుడ్డలు భుజాన వేసికొని వీధులలో అమ్మిరి. రాజకీయములలో ఒకరి ముఖమొకరు చూడనివారు ఈ యొక్క విషయమున ఒక దారిని నడచిరి. రాజాజీ తరువాత ముఖ్యమంత్రి యైన కామరాజు 1954లో శాసనసభకు ఉప ఎన్నికలో నిలిచి గెలిచినది మన గుడియాత్తము నుండియే.

నూలు ధర పెరిగిన మజూరీ ఎందుకు తగ్గవలెనని చిన్నవారు అడుగవచ్చును. సులువు కొరకు ఒక ఊహాలెక్క వేసికొందము. నూరు రూపాయల లుంగీలో నూలుకు అరువది, రంగుకును సావుకారునకును ఇరువది, నేసినవానికి ఇరువది యనుకొనుడు. నూలు అరువది నుండి ఎనుబదికి పెరిగినది. బియ్యము ధరయు పెరిగియున్నందున కొనువాడు నూటపదికి మించి ఈయడు. నూలుకు ఎనుబది పోగా మిగిలినది ముప్పది. సావుకారు తన ఇరువది తాను పట్టుకొనును. నేతగానికి పది. లుంగీ ధర నూటికి పది వంతులు పెరుగగా మజూరీ సగమైనది! ఆ పదికి నేయనన్నచో మగ్గము నిలిచినది. ప్రభుత్వపు పట్టికలో ఇందులో ఒకటి ధరల కాలములోను, ఒకటి నిరుద్యోగపు కాలములోను చేరును. ఇంటిలో రెండును ఒకే వారమున జరిగినవే.

1973లో చమురు ధర పెరిగిన తరువాత పాశ్చాత్య దేశములు కూడ ధరల పెరుగుదలను నిరుద్యోగమును ఒకేసారి చూచి ఆశ్చర్యపడినవి. మన దేశములో 1974-75లో టోకు ధరలు సుమారు పాతిక శాతము పెరిగినవి. మన నేతగాండ్లకు ఇందులో ఆశ్చర్యపడదగిన దేమియు లేకుండెను.

ఈ సందర్భమున అగ్గిపెట్టె సంగతి చెప్పక తప్పదు. శివకాశి, కోవిల్‌పట్టి సీమలతో పాటు గుడియాత్తమును అగ్గిపెట్టెల ఊరే. అగ్గిపెట్టె ధరలో ఒక చిత్రము కలదు. అది నాణెమును అనుసరించి నడచును. పావలా నుండి అర్ధరూపాయికి 1995లోను, అర్ధరూపాయి నుండి రూపాయికి 2007లోను, రూపాయి నుండి రెండు రూపాయలకు 2021 డిసెంబరు 1వ తేదీనను మారినది. నడుమ నిలుచుటకు మెట్టు లేదు. ఎక్కినచో రెట్టింపే ఎక్కవలెను. 2007కును 2021కిని నడుమ పదునాలుగేండ్లలో సామాన్య వినియోగపు ధరలు రెండింతలకు మించినవి. భాస్వరము, మైనము, అట్ట అన్నిటి ధరలును పెరిగినవి. పెట్టె మాత్రము రూపాయియే. అట్లయినచో ఆ పెరుగుదలను ఎవరు మోసిరి? కొంత పెట్టెలోని పుల్లల సంఖ్య మోసినది. కొంత యంత్రములు మోసినవి. మిగిలినది పుల్లలు నింపు స్త్రీల కూలి మోసినదనుటకు సందేహము లేదు. ధరల సూచీలో అగ్గిపెట్టె ఎంత నెమ్మదిగానున్నదని చూచువారు ఈ పదునాలుగేండ్లను స్థిరత్వమని లెక్కింతురు. 2016లో చట్టమును సవరించి రిజర్వు బ్యాంకునకు నాలుగు శాతపు గురి నిర్ణయించిరి. అది మంచిదే, మేము కాదనము. గురి సూచీకి గాని కూలికి కాదని మాత్రము గుర్తుంచుకొనవలెను.

నిరుద్యోగమును లెక్కించు విధానములోను ఇట్టి చిక్కే కలదు. 2017-18 నుండి జరుగుచున్న శ్రామిక సర్వేలో, సాధారణ స్థితిని బట్టి నిరుద్యోగము ఆ యేట 6.1 శాతముండగా 2023-24కు 3.2 శాతమునకు తగ్గినది. వారపు లెక్కలో, ఏడు దినములలో ఏ యొక్క దినమున గాని ఒక గంట పనిచేసినవాడు ఉద్యోగియే. సొంత మగ్గమువాడు ఉద్యోగి. అతనికి కండెలు చుట్టి పెట్టు భార్య, ఆమె చేతికి దమ్మిడీ రాకపోయినను, ఉద్యోగినియే. నూలు రాక నాలుగు దినములు నిలిచిన మగ్గము ఆ పట్టికలో నిలువదు. పనిని వదలిపోయినవారి జాడ వేరొకచోట దొరకును. దేశములో నేతగాండ్లును, అనుబంధపు పనివారును 1995-96లో సుమారు 65 లక్షలు, 2009-10లో 43 లక్షలు, 2019-20లో 35 లక్షలు. లుంగీ మొదలగు 22 రకములను చేనేతకు ప్రత్యేకించుచు 1985లో చేసిన చట్టమును 1993లో సుప్రీంకోర్టు సమర్థించినను, రకములు తరువాత 11కు తగ్గినవి. మరమగ్గములు ఆ రకములనే నేయుచుండెను.

అభివృద్ధి విషయమున మేము ఏకపక్షముగా మాట్లాడము. 1973-74లో కేంబ్రిడ్జి, మద్రాసు విశ్వవిద్యాలయముల వారు ఉత్తర ఆర్కాటు జిల్లా గ్రామములను పరిశీలించి, కొత్త వరి వంగడముల లాభము బీదలకు అంతగా చేరలేదని నిరాశపడిరి. 1982-83లో హేజెల్, రామస్వామి మొదలగువారు మరల పరిశీలింపగా, చిన్న రైతులకును కూలీలకును గూడ ఆదాయము పెరిగినదని తేలెను. వారి గ్రంథము 1991లో వెలువడెను. పంట పెరిగినపుడు బియ్యము అణగియుండును. కూలికి గిరాకి యుండును. సంతలో గుడ్డ అమ్ముడుపోవును. నాలుగు ధరలును అనుకూలముగా కదలిన అరుదైన కాలమది. అందుకు ఆధారము బావులును, వాటిపై పెట్టిన విద్యుత్ పంపులును.

ఆ బావుల నీటిమీదికి ఇంకొక అభివృద్ధి వచ్చినది. వాణియంబాడి, ఆంబూరులు పళ్ళికొండకు ఎగువను, రాణీపేట దిగువను పాలారు పొడవునను ఉన్నవి. అచ్చటి తోళ్లు పదనుచేయు కార్ఖానాలు దేశమునకు విదేశీ ద్రవ్యము తెచ్చినవి, వేలమందికి పని యిచ్చినవి. పదనుచేసిన నీరు భూమిలో దిగినది. కార్ఖానాల సీమలో సుమారు 35,000 హెక్టార్ల సాగునేల కొంతగా గాని పూర్తిగా గాని సేద్యమునకు పనికిరాకుండ పోయినదని వేలూరులోని వ్యవసాయ పరిశోధనా కేంద్రము వారు లెక్క తీసిరి. ఈ లెక్కను వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన దావాలో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న ఇచ్చిన తీర్పులో ఉదాహరించెను. ఒక్కొక్క కార్ఖానాకు పదివేల రూపాయల జుల్మానా విధించెను; నష్టపోయినవారికి పరిహారము నిర్ణయించుటకు ఒక అధికారసంస్థను నెలకొల్పుమనెను. మలినము చేసినవాడే మూల్యము చెల్లింపవలెనను సూత్రము మన దేశపు న్యాయములో ఈ తీర్పుతో స్థిరపడెను.

ఎగుమతియైన తోలు వెల ఆ యా యేండ్ల జాతీయాదాయములో చేరినది. చెడిన బావి వెల అందులోనుండి తీసివేయబడలేదు. ఊరికి ట్యాంకరులో నీరు తోలినవాని బాడుగయు జాతీయాదాయములో చేరినది. అంతకుముందు బావిలో ఉచితముగా ఊరిన నీరు ఏనాడును చేరియుండలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మరల ఈ వ్యాజ్యమునే విచారించి, బాధితులకు ఇంకను అందని పరిహారమును ప్రభుత్వము చెల్లించి, దానిని మలినము చేసినవారినుండి రాబట్టుకొనవలెనని ఉత్తరువు చేసెను. మొదటి తీర్పు నాడు పొలము దున్నుచున్నవారిలో పలువురి స్థానమున ఆ రెండవ ఉత్తరువు నాటికి వారి కుమారులు అర్జీలు పట్టుకొని నిలిచియుండిరి.