వాల్తేరు అణుశాల, మన ఒడ్డు ఇసుక

స్వామి జ్ఞానానంద గారి పేరు చెప్పగానే మనవాళ్లు ముందు హిమాలయాల మాట ఎత్తుతారు. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యసించి, తపస్సు చేసి, వేదాంతం చెప్పడానికి జర్మనీ వెళ్లి అక్కడ భౌతికశాస్త్రం వైపు మళ్లడం ముచ్చటైన కథే. ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ల సంచికకు నేను రాయదలచినది మాత్రం దాని తరవాతి సంగతి. ఆయన ప్రాగ్‌లో ఎక్స్-రే వర్ణపటాల మీద పరిశోధన చేశారు. న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో బీటా కిరణాల మీద పనిచేశారు. ఆ పైన అమెరికా వెళ్లారు. 1947లో న్యూయార్క్‌లో అచ్చయిన ఆయన పుస్తకం పేరు ‘హై వాక్యూవా’. పాత్రలోంచి గాలిని దాదాపు పూర్తిగా తోడెయ్యడం ఎలాగో చెప్పే పుస్తకం అది. ప్రయోగం చేసేవాడికి చేతిపని రావాలని నమ్మిన మనిషి రాసిన పుస్తకం.

స్వదేశానికి తిరిగొచ్చాక, 1956లో వాల్తేరులో మన విశ్వవిద్యాలయపు న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం ఆయన చేతుల మీదుగా మొదలైంది. అప్పుడు వైస్ చాన్సలర్ వి.ఎస్. కృష్ణ గారు. మన సైన్సు కాలేజీకి పేరిచ్చిన జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇస్తూ ఈ చదువుకు పునాది వేశారు. ఆ జయపురం 1936 దాకా పాత విశాఖ జిల్లాలోదే, విజయనగరం కూడా ఆ జిల్లాలోదే. కాబట్టి ఈ విభాగపు ప్రయోగశాల మీద ఉత్తరాంధ్రకు పుట్టింటి హక్కు ఉందని నా అభిప్రాయం. 1969లో స్వామీజీ పోయాక దానికి ఆయన పేరే పెట్టుకున్నారు.

ఆయనతోపాటు, ఆయన తరవాత ప్రొఫెసర్ వి. లక్ష్మీనారాయణ వంటివారు గామా కిరణాల మీద నిలకడగా పనిచేశారు. ఒక లోహపు రేకు ఎంత గామాను ఆపుతుంది, ఒక కేంద్రకం వెంటవెంటనే రెండు కిరణాలు వదిలితే వాటి మధ్య కోణం ఏం చెబుతుంది అన్నవి వాళ్ల ప్రశ్నలు. పత్రికలకెక్కే సంగతులు కావు ఇవి. కానీ అణుశాస్త్రమంతా నిలబడేది ఇలాంటి అంకెల మీదే.

బోధన కూడా అంకెతోనే మొదలవుతుంది. గైగర్ కౌంటర్ ముందు కూర్చున్న ఎమ్మెస్సీ విద్యార్థికి మొదట తెలిసేది, ఎదురుగా ఏ మూలకమూ పెట్టకపోయినా లెక్క పడుతూనే ఉంటుందని. గోడలోంచి, నేలలోంచి, ఆకాశంలోంచి వచ్చే లెక్క అది. రెండోది, నూరు లెక్కలు వస్తే అందులో పది అటూ ఇటూ కావచ్చునని. నూటికి ఒకటి తేడాలో చెప్పాలంటే పదివేలు లెక్కపెట్టాలి. దానికి దగ్గరిదారి లేదు, కూర్చోవాలి. ఓర్పును పాఠంగా చెప్పకుండానే నేర్పే సబ్జెక్టు ఇంకొకటి నేను చూడలేదు.

ఇక మన ఒడ్డు సంగతి. తూర్పు కనుమల్లోని ఖొండలైట్, చార్నొకైట్ రాళ్లు అరిగి, నాగావళి, వంశధారల వెంట సముద్రానికి చేరి, అలలు చెరిగితే బరువైన రేణువులు ఒడ్డున మిగులుతాయి. భీమిలి నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా ఆటుపోటు తరవాత కనబడే నల్లటి చారలు అవే. ఇల్మెనైట్ నలుపు, గార్నెట్ ఎరుపు, వాటి మధ్య తేనెరంగులో మోనజైట్. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. గుప్పెడు ఇసుక ఆరబెట్టి, డబ్బాలో పోసి, మూత బిగించి నెల రోజులు పక్కన పెట్టాలి. లోపల పుట్టే రేడాన్, దాని పిల్ల మూలకాలు ఒక నిలకడకు రావాలిగదా. తరవాత సీసపు ఇటుకల మధ్య సోడియం అయొడైడ్ స్ఫటికం మీద పెట్టి గంటల తరబడి లెక్కిస్తే, తెరమీద కొండల వరసలా శిఖరాలు లేస్తాయి. 1460 దగ్గర పొటాషియం. కుడిచివర, మిగతావాటికి దూరంగా, 2614 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర థాలియం-208. థోరియం వంశంలో చివరి రేడియోధార్మిక తరంవాడు అతడు. వాడు కనబడ్డాడంటే ఇసుకలో థోరియం ఉన్నట్టే.

మన ప్రయోగశాల తరవాతి తరాలు భువనేశ్వర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్‌లోని పెల్లెట్రాన్ అనే కణ త్వరణ యంత్రం దాకా వెళ్లాయి. ప్రోటాన్లతో కొట్టి, వెలువడే ఎక్స్-కిరణాలను బట్టి మందుమొక్కల్లో, కణజాలంలో లేశమాత్రపు లోహాలను పట్టాయి. నమూనాల డబ్బాలతో విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, పలాస స్టేషన్లు దాటి వెళ్లే దారి అది.

రణస్థలం మండలం కొవ్వాడలో 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కట్టాలన్న ప్రతిపాదన ఉంది. కావాలనేవారూ ఉన్నారు, వద్దనేవారూ ఉన్నారు. ఆ వాదన ఎటు తేలినా, ఈనాటి ఇసుకలో, నూతినీళ్లలో, చేపలో ఏ కిరణం ఎంత ఉందో మన పిల్లలే కొలిచి ఉంచాలి. రేపు ఎవరైనా ఒడ్డున కౌంటర్ పెట్టి లెక్క ఎక్కువగా ఉందంటే, అది తాతల నాటి థోరియందా, కేంద్రక విచ్ఛిత్తిలో పుట్టే సీజియం-137దా తేల్చాలి. సీజియం గీత 662 దగ్గర ఉంటుంది. ఇసుకలోని బిస్మత్-214 గీత పక్కనే 609 దగ్గర. సోడియం అయొడైడ్‌లో ఈ రెండూ కలిసిపోతాయి, జెర్మేనియం డిటెక్టర్‌లో విడిపోతాయి. అంచేత ఎచ్చెర్ల విశ్వవిద్యాలయానికి, విజయనగరం మహారాజా కాలేజీకి ఈ నూరేళ్ల సందర్భంలో నేను కోరేవి మూడే. మంచి జెర్మేనియం డిటెక్టర్ ఒకటి, దానికి ద్రవ నైట్రోజన్ ఆగకుండా అందే ఏర్పాటు ఒకటి, ఇసుక తేవడానికి తీరం పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులు. కొలత రియాక్టర్ పునాదికన్నా ముందే మొదలవ్వాలి.