నిశాని నుంచి ఓటీపీ దాకా

1911కి ముందు వేలూరు, గుడియాత్తం వాళ్లకు జిల్లా కేంద్రం చిత్తూరు. ఆ ఏడు చిత్తూరు వేరే జిల్లా అయింది, మిగిలిన ఉత్తర ఆర్కాటు జిల్లా కచేరీలు వేలూరికి చేరాయి. సరిహద్దు మారినా గుడియాత్తంలో తెలుగు ఇళ్లు మిగిలాయి, ఆస్తి తగాదాలూ మిగిలాయి. ఇప్పుడు అన్న ఊళ్లో ఉంటే తమ్ముడు బెంగళూరులో, అక్క అమెరికాలో. రాజీ పత్రం మీద ఫోన్లోనే సంతకం పెడితే చెల్లుతుందా? చెల్లుతుంది. అయితే ఏ సంతకం, ఏ ఆస్తికి అన్నది చూసుకోవాలి.

చదువు రానివాళ్లు పూర్వం పత్రం మీద గీతో గుర్తో పెడితే, పక్కన రాసినవాడు 'ఫలానావారి నిశాని' అని చేర్చేవాడు. 1872 కాంట్రాక్టు చట్టం మనస్ఫూర్తి సమ్మతిని అడిగింది గాని సిరాను అడగలేదు. పేరు రాయలేనివారి గుర్తూ సంతకమేనని 1897 జనరల్ క్లాజెస్ చట్టం చెప్పింది. బీదవాడి గీతకు ఇంత గౌరవమిచ్చిన ఆ మాట నాకెంతో ఇష్టం. కోర్టులో నడిచే దావాలకు మాత్రం కట్టుబాటు పెరిగింది: రాజీ రాతలో ఉండాలి, పక్షాలు సంతకం చేయాలి అని 1976 సవరణ సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో చేర్చింది.

డిజిటల్ సంతకాన్ని గుర్తించిన ఐటీ చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. ఎలక్ట్రానిక్‌గా కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని చెప్పే 10ఏ సెక్షన్ 2009లో వచ్చింది. 2015లో ఆధార్ ఈ-సైన్ వచ్చాక ఇలాంటి సంతకం సామాన్యుడికి అందింది. ఆధార్ నంబరు కొట్టాలి, ఫోనుకొచ్చిన ఓటీపీ ఇవ్వాలి. అప్పటికప్పుడు పుట్టే డిజిటల్ తాళంతో పత్రానికి ముద్ర పడుతుంది. ఆ తర్వాత ఒక్క అక్షరం మార్చినా ఆ సంగతి బయటపడుతుంది. కాగితం మీది సంతకాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే ఈ రక్షణ లేదు. ఒప్పందం నిలవవచ్చు గాని, అవతలివాడు కాదంటే రుజువు చేసే బరువు మన నెత్తిన పడుతుంది.

చిక్కంతా ఇల్లూ పొలం దగ్గరే. స్థిరాస్తి అమ్మకం ఒప్పందాలను ఐటీ చట్టం 2022 దాకా దూరంగానే ఉంచింది. ఇప్పుడు ఆ అడ్డు తీసేసినా, రాజీ పత్రంతోనే ఇల్లు పంచుకుంటే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ తప్పవు. దావాలో ఉన్న ఆస్తి గురించే రాజీ అయితే దాన్ని కోర్టులో దాఖలు చేసి డిక్రీ తెచ్చుకోవడం మేలు. అక్క తమ్ముడికి పవరాఫ్ అటార్నీ ఇవ్వాలంటే ఈ-సైన్ పనికిరాదు. కాన్సులేట్‌లో కాగితం మీద సంతకం చేసి పంపాలి, అది ఇండియా చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి.

నా భయం తల్లుల గురించి. వాళ్లకొచ్చిన ఓటీపీని కొడుకో మనవడో చూసి కొట్టేస్తున్నారు. సంతకం చేసే సాధనం సంతకందారు అదుపులోనే ఉండాలని చట్టం స్పష్టంగా చెప్పింది. రేపు ఆమె 'నాకు తెలియదు' అంటే ఆ రాజీ మొత్తం కోర్టులో ఊగుతుంది. పత్రం ఇంగ్లీషులో ఉంటే ముందు ఆమెకు తెలుగులో చివరిదాకా చదివి వినిపించండి, చదువుతున్నది వీడియో తీసి పెట్టుకోండి, ఓటీపీ ఆమె చేతే కొట్టించండి.